కె. వరదయ్య గారిని నేను చంపిన వైనం

పోయిన నెలలో నేను ఒక పెద్దమనిషిని చంపినాను. చంపిన మర్నాడు ఆయనే మా ప్రెస్సు మెట్లెక్కి వచ్చి, నా పక్కన కుర్చీలో కూర్చొని, నా చేత ఇంకో రెండుసార్లు చంపించుకొని, కాఫీ తాగి పోయినాడు. ఈ సంగతి నేనుగా ఎవరికీ చెప్పలేదు. కానీ ఎట్లనో అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కరు ఒక్కో మాదిరి చెప్తా ఉండారు కాబట్టి, అసలు ఏం జరిగిందో నా నోటితోనే చెప్పేస్తాను. టీ చల్లారిపోతుంది, తాగతా వినండి.

నేను పని చేసేది మద్రాసు జార్జి టౌన్‌లో, పెండ్లి పత్రికలు వేసే చిన్న ప్రెస్సులో. మీకు తెలిసిందే. సందులో ఒక తోపుడు బండి అడ్డంగా నిలిస్తే మా వాకిలికి మనిషి పక్కకి తిరిగి నడిచి రావాల. కింద మిషను, పైన నేను. తెలుగు పత్రిక ఏది వచ్చినా అక్షరాలు కొట్టేది నేనే, ఇరవై రెండేండ్లుగా. కొట్టేటప్పుడు నేను స్క్రీన్ వైపు చూడను. కళ్ళు పార్టీ రాసిచ్చిన కాగితం మీద ఉంటాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి. దీని గురించి నాకు కొంచెం గర్వం ఉండేది. ఉండేది అని ఎందుకంటా ఉండానో మీకే తెలుస్తుంది.

మా తిరువొత్తియూరులో, మా వీధిలోనే, ప్రసాద్ అని ఒకాయన బాడుగకి దిగినాడు. గుంటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున ఇద్దరం ఒకే రైలు ఎక్కతాము. నేను బీచ్ స్టేషన్లో దిగి నడిచిపోతాను, ఆయన ఇంకో రైలు మారి తరమణి దాకా పోతాడు. ఒకరోజు మాటల్లో నా పని గురించి అడిగినాడు. మాటలన్నీ ముందు ఒక ఎడిటర్‌లో, అంటే అక్షరాలు కొట్టే ప్రోగ్రాంలో, కొట్టుకుంటాను, తరవాత డిజైన్లో పోసుకుంటాను అని చెప్పినాను. ఏ ఎడిటర్ అన్నాడు. చెప్పినాను. ఆయన నా వైపు చూసిన చూపు ఎట్ల ఉండిందంటే, ఇంకా కట్టెల పొయ్యి మీద వండుకుంటా ఉండాను అని చెప్పినట్టు.

ఆ శనివారం ఆయనే ప్రెస్సుకి వచ్చి కొత్త ఎడిటర్ ఒకటి వేసి పోయినాడు.

"బాబాయ్, ఇది తెరుచుకునేటప్పుడు ముందుగా ఒక ఫైలు చదువుకుంటుంది. స్టార్టప్ ఫైలు అంటాం. రంగు ఎలా ఉండాలి, అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, ఏం కొడితే ఏం రావాలి, అన్నీ మీరందులో రాసిపెట్టుకోవచ్చు. మీరేం రాస్తే అదే దానికి వేదం," అన్నాడు.

నేను రాసింది వేదం అని ఒక మనిషి అనింది నా జీవితంలో అదే మొదటిసారి. ఇంట్లో నేను రాసిన సామాన్ల చీటీని కూడా మా ఆవిడ ఇంకోసారి రాసుకొని అంగడికి పోతుంది.

ఇంక చూడండి నా పిచ్చి. మొదటి రోజు స్క్రీన్‌ని పచ్చగా చేసినాను. కళ్ళకి చల్లగా ఉంటుందని. రెండో రోజు ఆ పచ్చ నచ్చక నీలం చేసినాను. అక్షరాలు పసుపు చేసినాను. తరవాత వరస నంబర్లు పెట్టినాను. అక్షరం పక్కన మినుకుమినుకుమనే గీతని నిలిపేసి, అది యాడుందో కనపడక మళ్ళీ మినుకుమనిపించినాను. తెరవగానే నన్ను పేరు పెట్టి పలకరించే మాదిరి ఒక వాక్యం రాసినాను. ప్రతి మార్పుకీ మూసి మళ్ళీ తెరిచేది, తెరిచి మళ్ళీ మూసేది. మా ఓనరమ్మ సరోజమ్మ రెండు దినాలు గమ్మున చూసింది. మూడో దినం వచ్చి నా వెనక నిలబడింది.

"ఏందప్పా దామూ, పని కంటే రంగులు జాస్తిగా నడస్తా ఉండాయే?"

"అమ్మా, ఇది ఒక్కసారి సరిగ్గా కుదిరితే పని మూడింతలు స్పీడు అవుతుంది," అన్నాను.

"సరి. కుదిరినాక చెప్పు," అని కిందికి పోయింది.

ఆ మాటకి రోషం వచ్చింది. స్పీడు చూపించాలనే షార్ట్‌కట్ల మీద పడినాను. పెండ్లి పత్రికల్లో వచ్చే మాటలు ఎప్పుడూ అవే కదా. 'పె.' అని కొట్టి చుక్క పెడితే 'పెద్దలు నిశ్చయించిన శుభముహూర్తమున' అని దానికదే వచ్చేటట్టు రాసినాను. 'స.' అంటే 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి'. 'వ.' అంటే 'వధూవరులను ఆశీర్వదించి'. చుక్క పెడితేనే మారాల, లేకపోతే మారకూడదు అని కూడా నేనే ఆలోచించినాను. లేకుంటే మామూలు మాటలన్నీ మారిపోతాయి కదా. ఈ చుక్క ఉపాయం నాదే, ప్రసాద్ చెప్పింది కాదు. రైల్లో ఆయనకి చెప్తే, "బాబాయ్, మీరు మా ఫీల్డులో ఉండాల్సిన వాళ్ళు," అన్నాడు. ఆ రోజు బీచ్ స్టేషన్లో దిగి ప్రెస్సు దాకా నేల మీద నడిచినట్టు గుర్తులేదు.

ఇట్ల రాస్తా పోయి, 'కీర్తిశేషులు' దగ్గరికి వచ్చినాను. చనిపోయిన తాతలు, అవ్వల పేర్ల ముందు వేస్తాము కదా, ఆ మాట. కీ.శే. అని పొట్టిగా వేస్తే పోయినాయన్ని కూడా తొందర పెట్టినట్టు ఉంటుందని మా ఓనరమ్మ ఒప్పుకోదు. నిండుగా కొట్టాల. దీనికి షార్ట్‌కట్ 'కీ.' అని పెట్టుంటే ఈ కథే లేదు. కానీ నా కీబోర్డులో 'కీ' అనే అక్షరం కొట్టాలంటే షిఫ్ట్ కూడా తొక్కాల. 'కె' కొట్టడానికి అది అక్కర్లేదు. ఒక మీట మిగులుతుందని 'కె.' పెట్టినాను.

ఒక వారం బాగానే జరిగింది. మూడింతలు కాదు గానీ, రవ్వంత స్పీడు వచ్చిన మాట నిజం.

అప్పుడు వచ్చినాడు గజేంద్రం. మాధవరంలో పాల కాలనీ దగ్గర వాళ్ళ ఇల్లు. కూతురి పెండ్లి, ఇంకా పద్దెనిమిది రోజులే ఉండాయి. నెమ్మదైన మనిషి, ఏది చెప్పినా రెండుసార్లు దండం పెట్టి చెప్తాడు. పత్రిక రాసిచ్చినాడు, నేను కొట్టినాను, ప్రూఫ్ తీసిచ్చినాను. ఇంటికి తీసుకొనిపోయి ఇంటిల్లిపాదీ చదివినారు. ఒక్క తప్పు లేదు. సంతకం పెట్టి పంపించినాడు.

అచ్చుకి ప్లేటు వేయబోయే ముందు ఫోను వచ్చింది.

"దామూ అన్నా, ఒక చిన్న సహాయం," అన్నాడు గజేంద్రం. గొంతు తగ్గించి మాట్లాడతా ఉండాడు. "పత్రికలో మా నాయన పేరు వేయడం మరిచిపోయినాము. ఆయన నిన్నటినుంచి అన్నం దగ్గర కూర్చోలేదు. ఎనభై మూడేండ్ల మనిషి. యాడన్నా ఒక చోట దూర్చన్నా. ప్రూఫ్ కూడా వద్దు, నీ మీద నమ్మకం ఉండాది."

పేరు అడిగినాను. చెప్పినాడు. కాగితం మీద రాసుకున్నాను. 'మా తండ్రిగారు కె. వరదయ్య గారి ఆశీస్సులతో' అని ఒక వరస. ఎడిటర్ తెరిచి, కళ్ళు కాగితం మీద పెట్టి, ఎప్పటి మాదిరే కొట్టినాను. డిజైన్లో పోసినాను. బంగారు రంగులో, మధ్యలో, చూడముచ్చటగా కుదిరింది. దూరం నుంచి చూసి మురిసిపోయినాను. చదవలేదు. సాయంత్రానికి మిషను ఎక్కించినారు. ఒక ఫొటో తీసి గజేంద్రానికి ఫోన్లో పంపించినాను. ఆయన అప్పుడు కూతురితో చీరల అంగట్లో ఉండాడంట. తేదీ సరిగ్గా ఉండాదా, మండపం పేరు సరిగ్గా ఉండాదా అని రెండు చూసి, బంధువుల గ్రూపులో వేసేసినాడు.

మర్నాడు పొద్దున ప్రసాద్ రాలేదు, ఇంటినుంచే పని అంట. నేను ఒక్కడినే రైల్లో ఉండాను. రాయపురం దాటతా ఉండగా ఫోను మోగింది. గజేంద్రం.

"అన్నా, మా నాయన బతికే ఉండాడు," అన్నాడు.

పొద్దున్నే ఫోను చేసి ఈ మాట ఎందుకు చెప్తా ఉండాడో నాకు తెలియలేదు. "సంతోషం సార్," అన్నాను.

"సంతోషం కాదన్నా. పత్రిక చూడు."

ఫోన్లో ఫొటో తెరిచి పెద్దది చేసి చూసినాను. 'మా తండ్రిగారు కీర్తిశేషులు వరదయ్య గారి ఆశీస్సులతో.' బంగారు రంగులో. దానికి ముందు వెనక మాటలు కూడా ఎంత అతికినట్టు కుదిరినాయంటే, తప్పు అని ఎవరూ అనుకోరు. ఆయన పైనుంచి ఆశీర్వదిస్తా ఉండాడనే అనుకుంటారు. అట్లనే అనుకున్నారు కూడా. కిటికీ పక్క సీటు ఉండింది, అయినా నాకు చెమటలు పట్టినాయి.

"అది ఒక్కటే అయితే నేను ఏమీ అనుకోనన్నా," అన్నాడు గజేంద్రం. "మగపెండ్లి వాళ్ళు ఫోను చేసినారు. నిశ్చితార్థంలో మా నాయన్ని చూసినారు కదా, ఈ మధ్యనే పోయినాడు అనుకున్నారు. తండ్రి పోయిన ఇంట్లో ఏడాది దాకా శుభకార్యం ఎట్ల చేస్తారు అంటా ఉండారు. ఇంత పెద్ద విషయం మా దగ్గర దాచినారా అని అడగతా ఉండారు. బతికే ఉండాడు అంటే నమ్మలేదు. అచ్చులో వేసుకొని మళ్ళీ లేదంటారేంది అంటారు. పాప గదిలో తలుపు వేసుకునింది."

అంతవరకు నాకు అది ఒక తప్పు మాత్రమే. పాప తలుపు వేసుకునింది అన్నాక అట్ల కాదు. నాకూ ఒక కూతురు ఉండాది. "మీరు ప్రెస్సుకి వచ్చేయండి సార్, నేను చూసుకుంటాను," అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలీదు.

పదకొండు గంటలకి వచ్చినారు. గజేంద్రం ముందు ఎక్కినాడు. ఆయన వెనక, చేతిలో గొడుగు, తెల్ల పంచె, నుదుట నామం, ఒక్కో మెట్టుకీ ఆగతా ఒక పెద్దాయన. నేను లేచి నిలబడినాను. ఆయన పైకి వచ్చి, నన్ను కింద నుంచి పై దాకా చూసినాడు.

"ఇతనేనా?" అని కొడుకుని అడిగినాడు.

"ఈయనే నాయనా."

"మంచోడి మాదిరే ఉండాడే," అన్నాడు.

సరోజమ్మ పరిగెత్తుకొని వచ్చి కుర్చీ వేసి, కాఫీకి పంపించింది. ఆయన నా పక్కనే, స్క్రీన్ కనపడేటట్టు కూర్చున్నాడు. నేను రాసుకున్న కాగితం తీసి చూపించినాను. అందులో 'కె.' అని స్పష్టంగా ఉండాది.

"అయ్యా, నేను రాసుకున్నది సరిగ్గానే ఉండాది. నా వేళ్ళు తప్పు చేసుండవు. మిషను దగ్గరే ఏదో జరిగుండాల," అన్నాను. కింద మిషను నడిపే ఆయనకి ఈ మాట వినపడలేదు కాబట్టి బతికిపోయినాను. "ఇప్పుడే మీ ముందర కొట్టి చూపిస్తాను, చూడండి."

కళ్ళు కాగితం మీద పెట్టి, టకటకమని కొట్టినాను. కొట్టి, గర్వంగా ఆయన వైపు తిరిగినాను.

పెద్దాయన స్క్రీన్ చూసి, "మళ్ళీ పోయినాను," అన్నాడు.

చూసినాను. కీర్తిశేషులు వరదయ్య గారు. ఇరవై రెండేండ్లలో మొదటిసారి కాగితం పక్కన పెట్టి, స్క్రీన్ చూస్తా, పేరు దాకా పోకుండా మొదటి అక్షరం మాత్రం కొట్టినాను. క వచ్చింది, కె అయింది. చుక్క పెట్టినాను. కళ్ళ ముందరే కె మాయమై దాని చోట కీర్తిశేషులు వచ్చి కూర్చునింది. అప్పుడు వెలిగింది నాకు. నేను రాసిన వేదమే.

తల వంచుకొని అంతా చెప్పినాను. షార్ట్‌కట్, చుక్క, మిగిలిన ఒక్క మీట. సరోజమ్మ విని విని, "దామూ, ఈ మద్రాసులో ఇనిషియల్ లేని మనిషిని ఒక్కర్ని చూపించు," అనింది. నా పేరు ముందర కూడా ఒకటి ఉండాది, జి. అని. ఆ మాట వారం ముందు గుర్తు రాలేదు.

"సరి, తీసెయ్యి దాన్ని," అన్నాడు పెద్దాయన.

స్టార్టప్ ఫైలు తెరిచినాను. ఆ వరస వెతికి, అందరికీ చూపించి, తుడిచేసినాను. సేవ్ చేసినాను. "అయిపోయింది అయ్యా. ఇంక రాదు." మళ్ళీ కొట్టినాను. కె. చుక్క.

కీర్తిశేషులు వరదయ్య గారు.

ఫైలు మళ్ళీ తెరిచినాను. వరస లేదు. తుడిచింది తుడిచినట్టే ఉండాది. గజేంద్రం నా భుజం మీదుగా వంగి చూసి, మెల్లగా వెనక్కి జరిగినాడు. ఆయన ముఖం చూస్తే, దీనికి ప్రెస్సు కాదు, ఏ మంత్రగాడినో పిలవాలేమో అని ఆలోచిస్తా ఉన్నట్టు ఉండింది. పెద్దాయన మాత్రం వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు.

"అచ్చులో ఒకసారి. ఈడ రెండుసార్లు," అన్నాడు. "నా మీద ఏమన్నా పగ ఉండాదా నాయనా నీకు?"

ప్రసాద్‌కి ఫోను చేసినాను. ఏదో మీటింగులో ఉండాడంట, గుసగుసగా మాట్లాడినాడు. విషయం చెప్పినాను. కొంచేపు శబ్దం లేదు. నవ్వతా ఉండాడని తరవాత తెలిసింది.

"తీసేశాక ఎడిటర్ మూసి తెరిచారా బాబాయ్?"

"లేదు."

"అది ఆ ఫైలుని తెరుచుకునేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. తర్వాత మీరు తుడిచినా దానికి తెలియదు. పొద్దున చదివిందే పట్టుకుని ఉంటుంది. మూసి తెరవండి."

రంగులు మార్చేటప్పుడు రోజుకి యాభైసార్లు మూసి తెరిచిన మనిషిని నేను. అవసరం వచ్చినప్పుడు మాత్రం తెలివి పనిచేయలేదు. మూసినాను. తెరిచినాను. తెరవగానే నీలం స్క్రీన్ మీద, పసుపు అక్షరాల్లో, నేను పెట్టుకున్న పలకరింపు వచ్చింది. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకొని, గట్టిగా, అందరికీ వినపడేటట్టు చదివినాడు.

"శుభోదయం దామోదరం గారూ. ఈ రోజు కూడా ఒక్క తప్పు లేకుండా పని చేద్దాం."

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కిటికీ వైపు తిరిగింది. గజేంద్రం కూడా, పాపం, అంత బాధలోనూ నేల చూస్తా భుజాలు కదిలించినాడు.

మళ్ళీ కొట్టినాను. కె. చుక్క. అందరం స్క్రీన్ చూసినాము. కె. కె.గానే ఉండాది. వరదయ్య. పెద్దాయన ముందుకి వంగి, వేలితో స్క్రీన్ మీద ఆ అక్షరాన్ని తాకినాడు. "కె. అంటే కన్నయ్య. మా నాయన పేరు," అన్నాడు. "నా పేరు అచ్చులో పడింది నా పెండ్లికి ఒకసారి. ఆ పత్రిక కూడా ఇప్పుడు లేదు. చూసుకుందామనే ఇంత అలిగినాను."

క్షమించండి అన్నాను. ఆ పొద్దుటినుంచి ఎన్నోసారి అన్నానో.

కాఫీ వచ్చింది. ఆయన చల్లార్చుకొని తాగతా, ఆ పొద్దున వాళ్ళ ఇంట్లో జరిగింది చెప్పినాడు. ఆయన చెల్లెలి కొడుకు ఒకాయన ఆవడిలో ఉంటాడంట. ఏదో గోడ తగాదాలో పదేండ్లుగా మాటల్లేవు. గ్రూపులో పత్రిక చూసి, మామ పోయినాడు, నాకు చెప్పను కూడా లేదు అని ఏడ్చుకుంటా, పెద్ద గులాబీ దండ పట్టుకొని ఆరుగంటలకే వచ్చేసినాడు. తలుపు తీసింది వరదయ్య గారే.

"నన్ను చూసి వాడు కదల్లేదు. దండ యాడ పెట్టాలో తెలీలేదు వాడికి. కింద పెట్టలేడు, వెనక్కి తీసుకొని పోలేడు. కొంచేపు చూసి, నా మెడలోనే వేసేసినాడు," అన్నాడు. "లోపలికి రమ్మన్నాను. ఇడ్లీ తిని పోయినాడు."

ఇంక మగపెండ్లి వాళ్ళు. గజేంద్రం వీడియో కాల్ చేసినాడు. పెండ్లికొడుకు తండ్రి ఫోన్లో కనిపించినాడు, పక్కన ఆయన భార్య. ముఖాలు గంటు పెట్టుకొని ఉండారు. నేను ఫోను తీసుకొని, నా పేరు చెప్పి, తప్పు నాదేనని చెప్పినాను. స్టార్టప్ ఫైలు అని మొదలు పెడితే సరోజమ్మ నా కాలు తొక్కింది. ఆపేసి, "అచ్చుతప్పు సార్," అన్నాను. ఫోను పెద్దాయన వైపు తిప్పినాను.

ఆయన చెయ్యి ఊపినాడు. అవతల వాళ్ళు ఇంకా అనుమానంగానే చూస్తా ఉండారు. "ఆయన్ని ఏమన్నా మాట్లాడమనండి," అనింది పెండ్లికొడుకు తల్లి.

"మాట్లాడేదేముందమ్మా," అన్నాడు వరదయ్య గారు. "భోజనాల్లో నాకు మొదటి పంక్తిలో ఆకు వేయించండి. మోకాళ్ళ నొప్పి, రెండో పంక్తి దాకా కూర్చోలేను."

ఆమె నవ్వేసింది. ఆమె నవ్వితే ఆయనా నవ్వినాడు. పక్క గదిలోంచి పెండ్లికొడుకు అనుకుంటాను, తల దూర్చి, "తాతా, బాగుండారా?" అని అడిగినాడు. గజేంద్రం ఫోను పట్టుకొని మెట్ల దగ్గరికి పోయి కూతురికి ఫోను చేసినాడు. ఏం మాట్లాడినాడో వినపడలేదు గానీ, తిరిగి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుంటా ఉండాడు. నేను చూడనట్టు గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగినాను.

పాత పత్రికలన్నీ పక్కన పెట్టి కొత్తవి వేసిచ్చినాము. ఈసారి ఆ వరస నేను నాలుగుసార్లు చదివినాను, సరోజమ్మ చదివింది, కింద మిషను ఆయనకి తెలుగు రాకపోయినా పైకి పిలిపించి చూపించినాను. ప్రూఫ్ మాధవరం దాకా నేనే బస్సులో తీసుకొనిపోయినాను. వరదయ్య గారు వాకిట్లో కూర్చొని చదివి, "ఇంకొంచెం పెద్దక్షరాలు వేయరాదా?" అన్నాడు. వేసినాను. పెండ్లికొడుకు పేరు కంటే రవ్వంత పెద్దగానే వచ్చింది. ఎవరూ అడగలేదు.

స్టార్టప్ ఫైలు మొత్తం తుడిచేసినాను. ఇప్పుడు నా ఎడిటర్ తెరిస్తే తెల్లటి స్క్రీన్, నల్లటి అక్షరాలు. పలకరింపు లేదు. నేనే దానికి నమస్కారం పెట్టి తెరస్తాను. రైల్లో ప్రసాద్ రెండుమూడుసార్లు కొత్త ఉపాయం ఏదో చెప్పబోయినాడు. నేను కిటికీలోంచి బయటికి చూసినాను.

పెండ్లికి పోవాలా వద్దా అని చానా ఆలోచించినాను. పత్రిక అయితే ఇచ్చినారు. పోకపోతే తప్పు, పోతే సిగ్గు. ఆఖరికి మా ఆవిడ పొమ్మనింది. ముఖం కనపడకుండా వెనక వరసలో కూర్చొని, అక్షింతలు వేసి, గమ్మున వచ్చేద్దామని పోయినాను. మండపం లోపలికి కాలు పెట్టినానో లేదో, వరదయ్య గారు చూసేసినాడు. పట్టు పంచె, కొత్త కండువా. చెయ్యి పట్టుకొని లాక్కుపోయి ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయనకి దండం పెట్టను వచ్చిన ప్రతి మనిషికీ నన్ను చూపించి, "నన్ను చంపింది ఇతనే. జార్జి టౌన్ ప్రెస్సు," అని పరిచయం చేసినాడు. అందరూ నాకు కూడా దండం పెట్టి పోయినారు. ఆవడి నుంచి వచ్చిన మేనల్లుడు మాత్రం నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకొని కొంచేపు వదల్లేదు.

మొదటి పంక్తిలో ఆయన పక్కనే భోజనం చేసినాను. చెయ్యి కడుక్కుంటా ఉంటే ఒకాయన వచ్చి నిలబడినాడు. వాళ్ళకి ఏదో వరసలో బంధువంట, పెరంబూరు. తన కూతురికి కూడా సంబంధం కుదిరిందని, పత్రిక మా దగ్గరే వేయించుకుంటామని చెప్పినాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంత జరిగినా నా పనితనం చూసి అడిగినాడు కదా అని, తప్పకుండా సార్, మీకు ఎట్లాంటి పత్రిక కావాల అని అడిగినాను.

"మంచి బంగారు రంగులో వేయండి," అన్నాడు. "మా నాయన పేరు దగ్గర మాత్రం ఖాళీ వదిలిపెట్టండి. అది మేము పెన్నుతో రాసుకుంటాము."